ఎర్ర సిలిండరు

బుధవారి బజారులో చింతపండు, ఎండు మిరపకాయలు, నాలుగు కట్టల గోంగూర కొనుక్కుని ప్రసూన వెనక సందులోకి తిరిగేసరికి ఆమె కారు దగ్గర జనం మూగి ఉన్నారు. వాళ్లెవరూ కారుని చూడటం లేదు. కారుకి అవతల, రైల్వే గోడకి ఆనించి కట్టిన రేకుల గ్యారేజీని చూస్తున్నారు. ఆ గ్యారేజీలో ఒక పాత వ్యాను చక్రాలు కుంగిపోయి నల్లగా నిలబడి ఉంది. ఫైరింజను గొట్టం సందు పొడవునా మెలికలు తిరిగి పడుంది. కాళ్ల కింద నల్లటి నీళ్లు. కాలిన రబ్బరు వాసనకి కళ్లు మండుతున్నాయి.

ప్రసూన ముందుగా తన కారునే చూసుకుంది. ముందు సీటు పక్క అద్దం లేదు. పగిలిన గాజు పటికబెల్లం పలుకుల్లా సీటు నిండా, కింద చాప నిండా రాలి ఉంది.

"ఎవరు చేశారిది?" అని తెలుగులో అరిచింది. ఎవరూ తల తిప్పకపోతే మళ్లీ హిందీలో అడిగింది.

పాన్ డబ్బా అతను జనంలోంచి బయటికొచ్చాడు. అతని చేతిలో ఎర్రటి చిన్న సిలిండరు ఉంది. కారు కొన్నప్పుడు షోరూమ్ వాళ్లు ముందు సీటు కింద పట్టీ వేసి బిగించి ఇచ్చిన మంటలార్పే సిలిండరు. ఇప్పుడు దాని నిండా మసి.

"మీదేనా మేడమ్? దర్జీ తీశాడు, అద్దం పగలగొట్టి. మంటలార్పుతాడట! తీసుకెళ్లాడే గాని, దాన్నెలా వాడాలో తెలిస్తేగా. చేతిలో పట్టుకుని అలా నిలబడిపోయాడు." అతను హిందీలో చెప్పి, సిలిండరుని ఆమె చేతికిచ్చాడు.

"ఎవరికైనా దెబ్బలు తగిలాయా?"

"మెకానిక్ కుర్రాడు కాలిపోయాడు. ఇప్పుడే తీసుకెళ్లారు."

అద్దం గురించి ముందు అడిగినందుకు ప్రసూనకి కాస్త సిగ్గేసింది. చింతపండు కొట్లో ఉండగా పెద్ద చప్పుడొకటి వినపడింది. లారీ టైరు పేలి ఉంటుందని కొట్టువాడు అన్నాడు. ఆమె అవునేమో అని, ఇంకో అరకిలో వేయమంది.

సంచులు వెనక సీటులో పెట్టి, పాత పేపరుతో గాజు పలుకులు తుడిచి, సిలిండరుని డిక్కీలో పడేసింది. ఊరి అవతలి లింగియాడీహ్‌లో ఇంటికి చేరే దాకా పగిలిన కిటికీలోంచి వేడిగాలి ముఖానికి కొడుతూనే ఉంది.

ఆమె భర్త రవిచంద్ర బొగ్గు కంపెనీలో ఇంజనీరు. కిందికి దిగి, కారు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఏం పోయింది?"

"ఏమీ పోలేదు. ఆ సిలిండరు కోసం పగలగొట్టాడట. మళ్లీ ఇచ్చేశారు."

"పోనీలే, మంచి పనికే కదా." రవిచంద్ర డిక్కీ మూసేశాడు. "అయినా పిన్ను లాగి నొక్కడమేగా. అది కూడా తెలీకపోతే ఎలా? కొత్తది ఒకటి తీసుకో ప్రసూనా. ఇది వాడేసినట్టే లెక్క."

మూడో రోజు అద్దం వేయడానికి ఒక బక్కపలచని మనిషి మోటారు సైకిల్ మీద వచ్చాడు. తలుపు అట్ట ఊడదీసి, లోపల మిగిలిపోయిన గాజు పలుకులని చిన్న బ్రష్‌తో ఊడ్చి, గుప్పిట్లో పోసుకుని పారేస్తున్నాడు. ప్రసూన మంచినీళ్లు తెచ్చిచ్చింది. "ఇంకా చాలాసేపు పట్టేట్టుంది" అని ఆమె ఫోన్‌లో భర్తతో తెలుగులో అంటున్న మాట విని అతను తలెత్తాడు.

"మేడమ్, మీరు తెలుగువోళ్లా? బుధవారి బజార్ వెనక అద్దం పగిలిన బండి మీదేనా?"

"అవును."

"అచ్ఛా. ఆ మెకానిక్ గుంటడు, చిరంజీవి, పోయాడు గదా మేడమ్. నిన్న పొద్దున్న ఖబర్ వచ్చింది. రాయ్‌పూర్ ఆసుపత్రిలో." గ్లాసు కింద పెట్టాడు. "మా రైల్వే కాలనీ గుంటడే. ఆ వ్యాన్ కింద పడుకుని పెట్రోల్ పైపు చూస్తన్నాడు. ఏటి రాజుకుందో తెలీదు. బయటికి రాలేకపోయాడు."

ప్రసూన మెట్ల మీద కూర్చుంది.

"నూకరాజు మావ ఆడికి సొంత మేనమామ. గ్యారేజీ పక్కనే కారు సీట్లకి కవర్లు కుడతాడు. సిలిండర్ తెచ్చాడు, బస్, అక్కడే ఖడా రహ్ గయా, నిలబడిపోయాడు. ఆఖరికి దాన్ని పడేసి, కాళ్లు పట్టుకుని గుంటడిని బయటికి లాగేడు. రెండు చేతులూ కాలిపోయాయి. అయినా ఏటి లాభం? వాళ్ల అప్ప, గుంటడి అమ్మ, అప్పలనర్సమ్మత్త, ఆసుపత్రి మెట్ల మీద అందరిముందూ అనేసింది. 'నా కొడుకు కాలిపోతంటే మంటలార్పే మందు చేతిలో ఎట్టుకుని బొమ్మలా నిలబడ్డావు, నీ మొహం నాకు చూపించకు' అని. ఈ పొద్దు పాడె కూడా ముట్టనివ్వలేదు."

అతను కొత్త అద్దాన్ని గాడిలో నిలబెట్టి, రెండు అరచేతులతో మెల్లగా కిందికి దించాడు. అది చప్పుడు లేకుండా దిగిపోయింది.

"అంటే మేడమ్, ఆ మావని చూస్తే నాకే బాధగా ఉంది. ఊళ్లో అందరూ అదే మాట. పిల్లలు కూడా నవ్వుతన్నారు, సిలిండర్ మావ అని."

శనివారం సాయంత్రం బ్యాంకు నుంచి వస్తూ ప్రసూన బస్టాండు రోడ్డులో ఉన్న దుకాణానికి వెళ్లింది. మంటలార్పే సామాన్లు, ఇసుక బకెట్లు, ఇనప టోపీలు అమ్మే చోటు అది. భానుప్రియ అనే అమ్మాయి కౌంటరులో ఉంది. ప్రసూన ఫోన్‌లో తెలుగు మాట్లాడటం విని తనూ తెలుగులోకి మారింది. వాళ్ల నాన్న రైల్వేలో రిటైరయ్యాక పెట్టిన దుకాణమట, ఇప్పుడు తనే చూసుకుంటోందట.

"కారుకా మేడమ్, గ్యారేజీకా?"

"కారుకి. చిన్నది చాలు."

భానుప్రియ మూడు రకాలు తీసి కౌంటరు మీద వరసగా నిలబెట్టింది. మొదటిది దోమల మందు డబ్బాలా సన్నగా, అందంగా ఉంది. ప్రసూన చెయ్యి దాని మీదికే వెళ్లింది.

"అందరూ అదే అడుగుతారు. వంటింట్లో మూకుడు అంటుకుంటే సరే. కారులో పెట్రోలు అంటుకుంటే దాని ముందు ఇది ఏ మూలకి?" భానుప్రియ దాన్ని పక్కకి జరిపింది. "ఇది గ్యాసుది. చల్లగా వస్తుంది, మురికి ఉండదు. కాని ఆరుబయట గాలికి చెదిరిపోతుంది. ఎత్తి చూడండి, ఉక్కు మొత్తం."

ప్రసూన ఎత్తబోతే మణికట్టు వంగిపోయింది.

"కారుకి పౌడరుదే మంచిది. పెట్రోలుకి, వైర్లకి, సీటు గుడ్డకి అన్నిటికీ పనికొస్తుంది. తర్వాత కడుక్కోవడం నరకం అనుకోండి. కాని మనిషి మిగులుతాడు. కిలోది ఉంది, రెండు కిలోలది ఉంది. రెండు కిలోలది ఒక్క చేత్తో పట్టుకోండి. రెండో చేతికి పిన్ను లాగే పనుంటుంది కదా. ఆ, పట్టుకోగలుగుతున్నారు. ఇది తీసుకోండి."

"ఎంతసేపు వస్తుంది?"

"ఊపిరి బిగబట్టినంతసేపు. అంతే మేడమ్, ఎక్కువ అనుకోకండి. మంట మొదట్లో ఉన్నప్పుడే, దాని మొదలు మీదికి కొట్టాలి. అందుకే చేతికందేలా పెట్టుకోవాలి, డిక్కీలో కాదు. ఇంకోటి, ఈ గడియారం లాంటిది చూడండి. ముల్లు పచ్చ భాగంలో ఉంటే లోపల ఒత్తిడి ఉన్నట్టు. ఎర్ర భాగంలోకి వచ్చిందంటే సిలిండరు పని అయిపోయినట్టే. పాతది ఏమైనా ఉంటే తెండి, తీసేసుకుంటాను."

ప్రసూన కారు దగ్గరికి వెళ్లి, డిక్కీ తీసి, మసిబారిన సిలిండరుని తెచ్చింది. భానుప్రియ ఒక గుడ్డతో దాని ముఖం తుడిచింది. చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. తలకిందులు చేసి అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి, మళ్లీ ఊపింది.

"చప్పుడే లేదు. పౌడరు రాయి కట్టేసింది. ఎండలో, కుదుపులకి ఇలా అవుతుంది. ఒకసారైనా తిరిగి నింపించలేదా?"

"లేదు."

"ముల్లు చూడండి, పూర్తిగా కిందికి పడిపోయి ఉంది. ఇందులో గ్యాసు ఎప్పుడో పోయింది." ఆమె పిడిని దీపం కిందికి తిప్పింది. "అయ్యో, ఎవరో వాడదామని చూసినట్టున్నారే. పిన్ను లేదు. పై పిడి చూడండి, కింది దానికి తగిలేలా నొక్కేశారు. ఒంగిపోయింది. అబ్బ, ఎంత గట్టి చెయ్యో!"

ప్రసూన కౌంటరు అంచు పట్టుకుంది.

"వాడటం రాని వాళ్లు తప్పుగా నొక్కితే కూడా ఇలాగే అవుతుందా?"

"తప్పుగా నొక్కడానికి ఇందులో ఏముంది మేడమ్? లాగడం, నొక్కడం. ఆ మనిషి రెండూ చేశాడు. లోపల ఉంటే కదా రావడానికి."

ప్రతి ఆదివారం ప్రసూన కారు లోపల తడిగుడ్డతో తుడుస్తుంది. సీటు కింద సిలిండరునీ తుడుస్తుంది. దాని నెత్తిన ఉన్న ఆ చిన్న గుండ్రటి గాజుని వేలికి గుడ్డ చుట్టి మరీ మెరిసేలా తుడుస్తుంది. ముల్లు ఎర్ర భాగంలో ఉండటం ఆమె ఎన్నోసార్లు చూసింది. సిలిండరూ ఎరుపే, అదీ ఎరుపే. అలాగే ఉండాలి కాబోలు అనుకుంది.

"పాతది ఇక్కడ వదిలేస్తారా?"

"వద్దమ్మా, నాక్కావాలి," అంది ప్రసూన.

ఆ రాత్రి ఆమె సంగతంతా చెబితే రవిచంద్ర కూర కలుపుకుంటున్నవాడల్లా చెయ్యి ఆపేశాడు.

"వెళ్లి ఏమని చెప్తావ్? మా సిలిండరు పాడైపోయింది, అందుకే మీ అబ్బాయి పోయాడు అనా?"

"ఆయనకి నొక్కడం రాక కాదు అని చెప్తాను."

"అది పనిచేసినా ఆ కుర్రాడు బతికేవాడో లేదో ఎవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదు. కాని ఆయన మాత్రం తనకి తెలుసనుకుంటున్నాడు. తనవల్లే పోయాడనుకుంటున్నాడు."

రవిచంద్ర మంచినీళ్లు తాగి గ్లాసు దించాడు. ఆయన చెడ్డవాడు కాదు. పనివాళ్ల పిల్లలకి జ్వరమొస్తే తన కారులో తీసుకెళ్లే మనిషి. "మనం ఆ కుర్రాడికి ఏం చేశాం ప్రసూనా? రోడ్డు పక్కన కారు పెట్టుకున్నాం. అంతే. వాళ్లు దుఃఖంలో ఉన్నారు. నువ్వెళ్లి నాదీ తప్పు అంటే, నీ మీదికే వస్తారు. పోలీసులంటారు, కేసంటారు. చెప్పకపోతే ఎవరికీ నష్టం లేదు."

"ఒకాయనకి ఉంది."

ఆ తర్వాత ఇద్దరూ తిన్నారు గాని, ఏం తిన్నారో ఇద్దరికీ తెలియదు. పొద్దున ఆమె చెప్పులేసుకుంటుంటే రవిచంద్ర కారు తాళాలు తెచ్చిచ్చాడు.

"నేనూ రానా?"

"వద్దు. నువ్వొస్తే నేను నీ వెనక నిలబడతాను."

గ్యారేజీ ముందు తాడు కట్టి ఉంది. కాలిన వ్యానుని ఎవరూ కదపలేదు. గ్యారేజీ రేకుకి ఇవతల, పైన నీలం ప్లాస్టిక్ పట్టా కప్పుకున్న చిన్న చోటు. కుట్టుమిషను పాదం కింద సగం కుట్టిన గోధుమరంగు రెక్సిన్ కవరు అలాగే ఉంది. సూది దానిలో దిగబడి ఉంది. గోడకి స్పాంజి చుట్టలు. వాటి ముందు బల్ల మీద ఒక యాభయ్యేళ్ల మనిషి కూర్చుని ఉన్నాడు. రెండు చేతులకీ మణికట్లు దాటేదాకా కట్లు. వాటిని ఒడిలో, తనవి కానట్టు, పెట్టుకున్నాడు.

"నూకరాజుగారేనా? నా పేరు ప్రసూన. ఆ రోజు అద్దం పగిలిన కారు నాదే."

ఆయన గబుక్కున లేచి నిలబడ్డాడు.

"అమ్మా! మీకోసం అడిగేను, ఎవలూ సెప్పలేదు. అద్దం ఏయించేరా? తాళం అడుగుదామంటే మీరెక్కడున్నారో తెలీలేదు. అన్ని బళ్లలోకీ తొంగి సూసుకుంటూ ఎల్లేను. మీ దాన్లో ఎర్రగా కనబడ్డాది. పానాతో కొట్టేసేను. ఏటనుకోకండి."

"అద్దం సంగతి వదిలేయండి. కూర్చోండి."

ఆయన కూర్చోలేదు. ఏదో అడగాలని నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచాడు.

"అమ్మా, ఒక్క మాట. మీరు సదువుకున్నోరు. అది ఎలా వాడాలో నాకొకసారి సూపించండి."

ప్రసూన వెనక్కి తిరిగింది. కారు దగ్గరికి వెళ్లి, ముందు సీటు పక్క నుంచి కొత్త సిలిండరు తెచ్చింది. బల్ల మీద పెట్టింది. నూకరాజు దాని మీదికి వంగి, తన కట్లు కట్టిన చేతులని వెనక్కి పెట్టుకుని, కళ్లతో మాత్రమే తడుముతున్నట్టు చూశాడు.

"ముందు ఈ పిన్ను లాగాలి," అంది ప్రసూన, లాగకుండా చూపించి.

"లాగేను."

"తర్వాత ఈ గొట్టం మంట వైపు పెట్టి, ఈ రెండు పిడుల్నీ కలిపి నొక్కాలి."

"అదే సేసేనమ్మా. అదే సేసేను." ఆయన గొంతు పైకి లేచింది. "నొక్కేను, మళ్లీ నొక్కేను. రెండు సేతులా నొక్కేను. ఆడు లోపల్నుంచి మావా మావా అంటన్నాడు. ఏటీ రాదు. తలకిందులుగా పట్టుకున్నానేటో అని తిప్పేను. ఏదో మీట ఉంటాది, అది నొక్కనేదేటో అని ఎతికేను. దాని మీద రాసున్నాది గాని ఇంగిలీసు. నాకు రాదు. సదువుకున్నోడైతే సదివీవోడు, బేగి తెలుసుకునీవోడు. నాను బొమ్మలా నిలబడ్డానమ్మా. మా అప్ప అన్నది నిజమే. పడుకున్నా ఇదే పని. కలలో కూడా దాన్ని తిప్పుతానే ఉన్నాను."

ప్రసూన ఇంకోసారి కారు దగ్గరికి వెళ్లింది. పాత సిలిండరు తెచ్చి కొత్తదాని పక్కన పెట్టింది. ఇంట్లో నేర్చుకున్న మాటలన్నీ పోయాయి.

"నూకరాజుగారూ, మీరు పిన్ను సరిగ్గానే లాగారు. సరిగ్గానే నొక్కారు. ఎంత గట్టిగా నొక్కారో ఈ పిడే చెప్తోంది, చూడండి. దీన్లో ఏమీ లేదు. గ్యాసు ఎప్పుడో పోయింది. పౌడరు రాయైపోయింది. నేను ఒక్కసారి కూడా చూపించలేదు, నింపించలేదు. ఎవరు నొక్కినా రాదు. నిన్న దుకాణంలో చెప్పే దాకా నాకూ తెలీదు."

ఆయన పాత సిలిండరునీ, కొత్తదాన్నీ మార్చి మార్చి చూశాడు. ముల్లున్న చోట గాజు మీద ప్రసూన వేలు పెట్టి చూపించింది. ఇక్కడ పచ్చలో ఉంది, ఇక్కడ ఎరుపులో ఉంది. రైల్వే గోడ అవతల గూడ్సు బండి ఒకటి చాలాసేపు నడిచింది. 

"మరి బండిలో ఎందుకెట్టుకున్నారమ్మా?" అన్నాడు చివరికి.

కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు. 

"అది లేకపోతే ఆ టైములో నాను లోపలికే ఎల్లిపోదును గదా. దాని కోసం పరిగెట్టేను గాని. దాన్నట్టుకుని తిప్పుకుంటా ఉండిపోయేను గాని."

"అవును," అంది ప్రసూన.

ఆయన బల్ల మీద కూలబడ్డాడు. కట్లున్న చేతుల్లో ముఖం దాచుకోలేక, మోకాళ్ల మీదికి వంగిపోయాడు. వీపు కదులుతోంది. ప్రసూన చెయ్యి వేయబోయి, ఆగి, అలాగే నిలబడింది. చాలాసేపటికి ఆయన భుజంతో కళ్లు తుడుచుకున్నాడు.

"అయితే నాను సరిగ్గానే నొక్కేనా?"

"సరిగ్గానే నొక్కారు."

"ఇంకోపాలి సెప్పండి."

"మీరు సరిగ్గానే నొక్కారు నూకరాజుగారూ."

ఆయన లేచాడు. "నాను సెప్తే మా అప్ప నమ్మదు. మీరొచ్చి సెప్పండి. దాన్ని కూడా తెండి, పాతది."

ముందు సీట్లో ఆయన చేతులు రెండూ గాలిలోకి లేపి కూర్చున్నాడు, దేనికీ తగలకుండా. ప్రసూన ఆయన మీదుగా వంగి బెల్టు లాగి పెట్టింది.  రైల్వే కాలనీలో ఎక్కడ తిరగాలో ఆయన గడ్డంతో చూపించాడు.

క్వార్టరు ముందు వరండాలో అప్పలనర్సమ్మ గోడకి చేరగిలబడి ఉంది. పొడుగ్గా, గట్టి ఎముకల మనిషి. వ్యాగన్లు కడిగే చోట పని. తమ్ముడు కారు దిగడం చూసింది. ముఖం గోడ వైపు తిప్పేసుకుంది.

"ఎవలు రమ్మన్నారు నిన్ను?"

నూకరాజు మెట్టు కిందే ఆగిపోయాడు. ప్రసూన చెప్పులు విప్పి, వరండా ఎక్కి, ఆమెకి కాస్త దూరంలో నేల మీద కూర్చుంది. సిలిండరుని మధ్యలో పెట్టింది. తనెవరో చెప్పింది. అద్దం సంగతి, దుకాణం సంగతి, ముల్లు సంగతి చెప్పింది. "మీ తమ్ముడికి చేతకాక కాదమ్మా. నా సిలిండరు పనికిరానిది," అంది.

అప్పలనర్సమ్మ గోడ వైపు నుంచి ముఖం తిప్పలేదు. ఆమె విన్నదో లేదో తెలియలేదు. ప్రసూన మళ్లీ మొదటి నుంచి చెప్పబోయింది. అప్పుడామె చెయ్యి చాపి, సిలిండరుని ఒడిలోకి లాక్కుంది. పిడి మీద రెండు చేతులూ వేసింది. వ్యాగన్ల తలుపులు తెరిచి మూసే చేతులు. పళ్లు బిగించి నొక్కింది. ఏమీ రాలేదు. మళ్లీ నొక్కింది. మళ్లీ, మళ్లీ. నుదుటి మీద నరం ఉబ్బింది. చివరికి చేతులు జారిపోయాయి.

"ఇది పని సేసుంటే నా గుంటడు బతుకును గదా?" అంది, ఎవరి వైపూ చూడకుండా.

ప్రసూన దారంతా ఈ ప్రశ్నకే భయపడింది. తెలీదమ్మా అనడం సులువు. అది అబద్ధం కూడా కాదు.

"బతికేవాడేమో," అంది.

అప్పలనర్సమ్మ ఏడవలేదు. సిలిండరుని ఒళ్లోంచి దించి, దూరంగా దొర్లించింది. గోడ పట్టుకుని లేచి లోపలికి వెళ్లింది. లోపల గిన్నెల చప్పుడైంది. ఎదురింటి గుమ్మంలో ఒక ముసలామె, పక్కింటి కిటికీలో ఇద్దరు పిల్లలు నిలబడి చూస్తున్నారు. నూకరాజు ఇంకా మెట్టు కిందే ఉన్నాడు.

ఆమె పళ్లెంలో అన్నం పెట్టుకుని వచ్చింది. మెట్టు మీద కూర్చుంది.

"ఇలా కూకో నూకా."

ఆయన ఆమె పక్కన కూర్చున్నాడు. అప్పలనర్సమ్మ చారన్నం పిసికి, ముద్ద చేసి, ఆయన నోటి దగ్గర పెట్టింది. ఆయన నోరు తెరవలేకపోయాడు.  ఆమె ముద్ద పట్టుకున్న చేతిని అలాగే ఉంచి ఆగింది. ఎన్నాళ్లయిందో ఈ మనిషి కడుపు నిండా తిని, అని ప్రసూనకి అప్పుడు తోచింది.

"తిను. ఆడు పోనాడు. నువ్వు కూడా పోతావేటి?"

ఆయన తిన్నాడు. ఆమె రెండో ముద్ద చేసింది. ప్రసూన లేచి వరండాలో నిలబడింది. ఆమెను ఎవరూ కూర్చోమనలేదు, వెళ్లమనలేదు. తిట్టినా బాగుండేదనిపించింది. చెప్పవలసింది చెప్పేశాననే తేలిక, వస్తుందనుకున్నది, రాలేదు. ఆమె మెల్లగా మెట్లు దిగి చెప్పులేసుకుంది.

"అమ్మా," అంది అప్పలనర్సమ్మ, పళ్లెం మీంచి తల ఎత్తకుండానే.

ప్రసూన ఆగింది.

"మా తమ్ముడు సరిగ్గా నొక్కేడని నాకొక్కదానికే సెప్తే సాలదు. ఆసుపత్రి మెట్ల మీద నాను అందరూ ఇనీలాగ అరిసేను. కాలనీ అంతా ఇన్నాది. నా మాట నాను ఎనక్కి తీసుకుంటే, అప్ప గదా, జాలిపడి అంటన్నాది అనుకుంటారు. మీరు సెప్పండి. ఇల్లిల్లూ తిరిగి సెప్పి, మరి ఎల్లండి."

నూకరాజు, "అప్పా, ఒగ్గీ, ఆయమ్మని ఎల్లనీ," అన్నాడు నోట్లో ముద్దతోనే.

"నువ్వు తిను."

ప్రసూన కారు వైపు చూసింది. తర్వాత కాలనీ వైపు చూసింది. ఎర్ర ఇటుక క్వార్టర్లు, ఒకదాని వెనక ఒకటి, ఎండలో బారుగా ఉన్నాయి. ఆదివారం కావడంతో అన్ని గుమ్మాల్లోనూ మనుషులున్నారు. బట్టలారేస్తున్నారు, సైకిళ్లు తుడుస్తున్నారు, అందరి కళ్లూ ఇటే ఉన్నాయి. ఆమె తాళాలు సంచిలో వేసుకుని, వెనక్కి వచ్చి, దొర్లి పడున్న సిలిండరుని చేతిలోకి తీసుకుంది.

ఎదురింటి ముసలామె గుమ్మంలోంచి కదల్లేదు. దగ్గరికొస్తున్న ఈ పరాయి మనిషిని, ఆమె చేతిలో మసిబారిన సిలిండరుని అనుమానంగా చూసింది.

"ఏటమ్మా, ఏటి కావాల?"

"నా పేరు ప్రసూన అండీ," అంది. గొంతు సన్నగా వచ్చింది. పక్క గుమ్మంలో వాళ్లకి కూడా వినపడాలని, ఊపిరి పీల్చుకుని, మళ్లీ గట్టిగా మొదలుపెట్టింది. "ఆ రోజు అద్దం పగిలిన కారు నాది. నూకరాజుగారి గురించి మీకొక మాట చెప్పడానికి వచ్చాను."